పాడి చెప్పిన రాజీనామా

మా సంఘం వార్షిక సమావేశంలో ఎవరు ఏం చెప్పాలన్నా పాడి చెప్పాలి. మాటల్లో చెబితే చెల్లదు. ఈ సంగతి విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. దోహాలో మనవాళ్ళకు సంఘాలకేం కొదవ లేదు. సమావేశం పెట్టుకుంటారు, మాటామాటా పెరుగుతుంది, మరుసటి ఏడాదికి ఒక సంఘం రెండవుతుంది, రెండూ ఒకే రోజున ఉగాది చేస్తాయి. మాది మాత్రం ఇన్నేళ్ళయినా చీలలేదు. చీలకపోవడానికి కారణం ఆ నియమం. ఆ నియమం పెట్టింది నేను. ఇది గొప్ప చెప్పుకోవడమే, అందులో దాపరికమేమీ లేదు.

మాది పాటల నాటకాల సంఘం. పద్యాలు, పాటలు, మధ్యలో కాస్త హాస్యం. నాటకాలు మేమే రాసుకుంటాం. అందరం ఏదో ఒక ఉద్యోగం చేసుకునేవాళ్ళమే, నాటకం మీద బతికేవాడు ఒక్కడూ లేడు. ఆంధ్రా నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీర్లు, అకౌంటెంట్లు, నర్సులు ఒకవైపు. జగిత్యాల, నిజామాబాద్ ఊళ్ళ నుంచి వచ్చి క్యాంపుల్లో ఉంటూ సైట్లలో పనిచేసేవాళ్ళు ఒకవైపు. ఉమ్ సలాల్‌లో ఒక తోట చూసుకునే ఆయన మా డోలక్. స్టేజీ ఎక్కాక ఎవరు ఎవరో ఎవడికీ తెలియదు. మా జమీందారు నాటకంలో జమీందారు వేషం జగిత్యాల మేస్త్రీది. సెంట్రింగ్ పనిలో అరిచి అరిచి పండిన గొంతు. ఆయన చచ్చిపోయే ముందు ఒక పద్యం పాడతాడు. జనం వన్స్‌మోర్ అంటే చచ్చినవాడు పంచె దులుపుకుని లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చాడు. మూడోసారి కూడా అడిగితే అల్లుళ్ళ పాత్రధారులు చేతులు జోడించి, హాలు అద్దె టైము అయిపోతోందని బతిమాలుకోవాల్సి వచ్చింది. పద్యం బాగుంటే వన్స్‌మోర్ అనకుండా ఊరుకోవడం మనవాళ్ళ రక్తంలో లేదు.

పాడి చెప్పాలనే నియమం మొదటి సమావేశంలోనే పుట్టింది. తెర ఎర్రదా ఆకుపచ్చదా అని వాదన. మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైంది సాయంత్రం నమాజు పిలుపు వినిపించేదాకా సాగింది. ఒకాయన అయితే తన తాతగారి కాలం నుంచి ఎత్తుకొచ్చాడు. నాకు ముక్కు మీద కోపం. లేచి, "నోరుంటే సరిపోదు, శ్రుతి ఉండాలి. ఇకమీదట అభ్యంతరం ఉన్నవాళ్ళు పాడి చెప్పండి. లేకపోతే కూర్చోండి" అన్నాను. అందరూ కూర్చున్నారు. ఒక్కరు మాత్రం లేచి మోహన రాగంలో ఎరుపు అని పాడారు. చప్పట్లు కొట్టాం. తెర ఎర్రది వచ్చింది.

మా ఆయన సంఘానికి కార్యదర్శి. వృత్తి ఆడిటింగు, ప్రవృత్తి కూడా ఆడిటింగే. నేను కోపంలో అన్న మాటను ఆయన శాస్త్రంగా రాసిపెట్టారు. తీర్మానం పాడాలి. చప్పట్లు పడితే ఆమోదం. పడకపోతే తిరస్కారం. వన్స్‌మోర్ వస్తే ఏకగ్రీవం, ఆపైన చర్చ ఉండదు. పాడినవాళ్ళు తమ తీర్మానాన్ని వెనక్కి తీసుకోవచ్చు, కానీ అదీ పాడే చెప్పాలి, అదీ మినిట్స్‌లోకి ఎక్కకముందే. చేతులు లేపించి లెక్కపెట్టడం కంటే ఇదే నయమని అందరూ ఒప్పుకున్నారు.

నేను మొదటినుంచీ సంగీత దర్శకురాలిని. హార్మోనియం నాది, శ్రుతి నాది, ఎవరు ఏ రాగంలో ఏడవాలో చెప్పేది నేను. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషిని. వారంలో ఐదురోజులు లెక్కలు నన్ను బతికించేవి, శుక్రవారం హార్మోనియం బతికించేది. ఆ పదవి అంటే నాకు ప్రాణం. ప్రాణమని చెప్పడానికి సిగ్గెందుకు?

కిందటేడు సమావేశానికి ముందు మా గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పెట్టింది మా రెండో అల్లుడు, అంటే జమీందారు నాటకంలో రెండో అల్లుడి వేషం వేసినతను. హైదరాబాదు కుర్రాడు, ఒక కట్టడాల కంపెనీలో క్వాంటిటీ సర్వేయరు. ఇకమీదట స్టేజీ మీద పాడటం మానేద్దాం అని అతని ప్రతిపాదన. పాటలూ పద్యాలూ ముందే స్టూడియోలో రికార్డు చేయించి ట్రాక్ పెట్టుకుందాం, మనం పెదవులు కదిపితే చాలు అన్నాడు. డ్యూటీలు ఒక టైములో ఉండవు, రిహార్సల్‌కి సగం మంది రాలేరు, దుమ్ముగాలి వచ్చిన వారం గొంతులన్నీ పోతాయి. ఇవీ కారణాలు. అన్నీ నిజాలే. ఇంకో నిజం అతను రాయలేదు. కిందటి నాటకంలో పద్యం మధ్యలో అతని గొంతు చీలిపోయింది. ముందు వరసలో అతని అత్తమామలు కూర్చుని ఉన్నారు. సందర్శన వీసా మీద వచ్చినవాళ్ళకు అల్లుడి ఘనత చూపిద్దామని తీసుకొచ్చుకున్నాడు పాపం.

గ్రూపులో బొటనవేళ్ళు లేచాయి. ఒకటి, రెండు, ఆపైన చూడటం మానేశాను. నా ఒళ్ళు మండిపోయింది. పెదవులు కదపడానికి నాటకమెందుకు, పెళ్ళి వీడియోలో కూడా కదపొచ్చు. ట్రాక్ వస్తే నా హార్మోనియం పోతుంది, అది ఒక బాధ. కానీ దానికంటే పెద్ద బాధ ఇంకొకటి. పరాయి దేశంలో, పగలంతా ఎవరెవరి భాషల్లోనో యల్లా యల్లా, త్వరగా త్వరగా అనిపించుకుని వచ్చిన మనుషులు, స్టేజీ ఎక్కి సొంత గొంతుతో పద్యం ఎత్తుకుంటారే, ఆ ఒక్క ఘడియ కోసమే ఈ సంఘం పుట్టింది. అది పోతే తెర ఎరుపైతేనేం, ఆకుపచ్చైతేనేం.

సమావేశానికి ముందు వంటింట్లో మా ఆయనతో చెప్పాను.

"నా నివేదిక చివర రాజీనామా పద్యం పాడతా. అందరూ వద్దు వద్దంటారు. ఆ సిగ్గుతో ట్రాక్ గోల అక్కడే చచ్చిపోతుంది."

ఆయన కాఫీ చల్లార్చుకుంటూ, "రాజీనామా కూడా తీర్మానమేనే. చప్పట్లు కొట్టారనుకో, ఆమోదమైపోతుంది" అన్నారు.

"కొట్టరు."

"పోనీ, కాస్త బాగోకుండా పాడు."

ఆ మాటకు నేను ఆయన వైపు చూసిన చూపుకి కప్పు పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. బాగోకుండా పాడటమట. చెప్పేవాడికి బుద్ధి లేకపోయినా వినేవాడికి ఉండాలి.

మదీనత్ ఖలీఫాలో మా సభ్యురాలు ఒకావిడ ఉండే విల్లా హాలులో శుక్రవారం మధ్యాహ్నం సమావేశం. తివాచీ మీద సగం మంది, కుర్చీల్లో సగం మంది. క్యాంపు నుంచి వ్యానులో వచ్చినవాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో, తల దువ్వుకుని, పెళ్ళివారిలా దిగారు. మిరపకాయ బజ్జీలు, పెద్ద ఫ్లాస్కుల్లో కరక్ చాయ్. అధ్యక్షులవారు సెలవు మీద ఇండియా వెళ్ళడంతో సభ నడిపే పని కూడా మా ఆయనదే అయింది.

నా వంతు వచ్చింది. హార్మోనియం ముందుకు లాక్కున్నాను. ఏడాదిలో ఏం చేశామో, ఏ నాటకానికి ఎవరు ఎంత బాగా పాడారో నాలుగు పద్యాల్లో చెప్పాను. తర్వాత ఒక్క క్షణం ఆగి, హిందోళం ఎత్తుకుని, నేను కట్టిన ఆటవెలది అందుకున్నాను.

పెట్టె పాడుచుండ పెదవులాడించితే
నటన యగునె? జనుల నవ్వు గాక
ఊపిరున్న గొంతె యొప్పును రంగాన
పదవి వదులుచుంటి పాటకొరకు

ఆ రోజు గొంతు ఎందుకో అంత తేటగా ఉంది. 'ఊపిరున్న గొంతె' దగ్గర పైకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను. దిగబుద్ధి కాలేదు. దిగాక 'పాటకొరకు' అన్నప్పుడు నా కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి. హాలంతా నిశ్శబ్దం. అదిగో, ఇప్పుడు అంటారు వద్దని, అనుకున్నాను.

వెనక నుంచి జమీందారు గొంతు వినిపించింది. "వన్స్‌మోర్."

ఇక ఎవరాపగలరు. హాలు హాలంతా వన్స్‌మోర్. చప్పట్లు. ఆ రెండో అల్లుడు మోకాళ్ళ మీద లేచి మరీ కొడుతున్నాడు. నాకు తెలుసు, ఏం జరుగుతోందో నాకు బాగా తెలుసు. కానీ వన్స్‌మోర్ అడిగితే పాడకుండా ఉండటం నేను నేర్చుకోలేదు. మళ్ళీ పాడాను. మొదటిసారి కంటే బాగా పాడాను.

చప్పట్లు ఆగాక మా ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "సంగీత దర్శకురాలి రాజీనామా ఏకగ్రీవంగా ఆమోదించబడింది" అని చదివి మరీ మినిట్స్‌లో రాసేశారు. నాతో ఇరవై మూడేళ్ళు కాపురం చేసిన మనిషి.

అప్పుడు తెలిసింది జనానికి. జమీందారు గాభరాగా లేచాడు.

"సార్, గదేంది సార్? పాట మంచిగున్నదని చప్పట్లు కొట్టినం. రాజీనామాకు గాదు. రాజీనామా మాఫీ."

"వన్స్‌మోర్ వచ్చాక చర్చ లేదు" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

నేను లేచాను. హార్మోనియం అక్కడే వదిలి, వెళ్ళి ఆడవాళ్ళ మధ్య తివాచీ మీద కూర్చున్నాను. నా పక్కావిడ నా చెయ్యి పట్టుకుంది. కోపం ఉంది, దుఃఖం ఉంది. ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. రాజీనామాకు వన్స్‌మోర్ కొట్టించుకున్న మనిషి ఈ దోహాలో నేనొక్కదాన్నే అని లోపల ఒక మూల గర్వంగానూ ఉంది.

తరువాతి అంశం ట్రాక్. రెండో అల్లుడు లేచి ముందుకు వచ్చాడు. నా ఖాళీ చోటు చూసి ఆగిపోయాడు.

"మేడమ్ లేరు కదా సార్, శ్రుతి ఎవరిస్తారు?"

"శ్రుతి ఉండి తీరాలని నియమం లేదు. పాడండి" అన్నారు మా ఆయన.

అతను మొదలుపెట్టాడు. గొంతుకు అందని ఎత్తులో పట్టుకున్నాడు. భయం వేసినవాడు ఎప్పుడూ అంతే, పైనుంచే మొదలుపెడతాడు. మొదటి పాదానికే మెడ నరాలు తేలాయి. రెండో పాదం సగంలో గొంతు చీలింది. కిందటిసారి స్టేజీ మీద చీలినట్టే. ఆగిపోయాడు. నేల చూస్తూ నిలబడ్డాడు. చప్పట్లు పడవని అందరికీ అర్థమైంది. చప్పట్లు పడకపోతే తీర్మానం పోతుంది. నేను కోరుకున్నది అదే. నేను కదలకుండా కూర్చుంటే చాలు.

కూర్చోలేకపోయాను. మనిషి శ్రుతి కోసం తడుముకుంటుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు, వాడు నా మెడ కొయ్యడానికే పాడుతున్నా సరే. లేచి వెళ్ళి హార్మోనియం దగ్గర కూర్చున్నాను. అతను మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. ఆ మెట్టు నొక్కి పట్టుకుని, "ఇక్కడి నుంచి ఎత్తుకో నాయనా. తొందర లేదు" అన్నాను.

అతను ఒకసారి నా వైపు చూసి, ఊపిరి పీల్చుకుని, మొదటినుంచి అందుకున్నాడు.

డ్యూటి దిగిన వెనుక డొక్క యెండగ వచ్చి
రాగమెత్తబోతె రాదు గొంతు
పెట్టెలోన ముందె పెట్టిన పాటుంటె
భయములేదు మనకు పరువు దక్కు

ఎంత హాయిగా పాడాడో చెప్పలేను. కింద శ్రుతిలో అతనికి అంత గొంతు ఉందని మాకే కాదు, అతనికీ తెలియదు. 'రాదు గొంతు' అన్నచోట నిజంగానే ఏడుపు పలికింది. క్యాంపువాళ్ళ వరసలో తలలు ఊగాయి. డ్యూటీ దిగి డొక్క ఎండిపోయి రావడం అంటే ఏమిటో వాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. నా వేళ్ళు అతని వెంట తిరుగుతూనే ఉన్నాయి. అతను ఎటు వెళితే అటు, ఎక్కడ ఆగితే అక్కడ. నాకు ఒళ్ళు తెలియలేదు.

"వన్స్‌మోర్."

ఈసారి అన్నది ఎవరో కూడా తెలియదు, అందరూ ఒక్కసారే అన్నారు. అప్పుడు తెలివి వచ్చింది నాకు. నా చేతులతో నేనే ట్రాక్‌ను ఏకగ్రీవం చేశాను. నా గొయ్యి నేనే తవ్వుకుని, మట్టి కూడా నేనే పోసుకున్నాను. మా ఆయన కలం మూత తీశారు.

అతను రెండోసారి పాడటానికి సిద్ధమయ్యాడు. జీవితంలో అతనికి దక్కిన మొదటి వన్స్‌మోర్ అది. ముఖం ఎర్రగా కందిపోయింది. మొదటి రెండు పాదాలు పాడాడు. మూడో పాదం దగ్గర ఆగాడు. నేను శ్రుతి పట్టుకునే ఉన్నాను. మర్చిపోయాడేమో అనుకుని, "పెట్టెలోన" అని మెల్లగా అందించాను. అతను తల అడ్డంగా ఊపాడు. నా వైపు తిరిగి పాడాడు.

పక్కనుండి మీరు పట్టుకొన్న శ్రుతిలో
భయములేదు నాకు పరువు దక్కె

మా ఆయన కలం గాలిలోనే ఆగింది. అతను చేతులు జోడించి, "సార్, రాయకండి. వెనక్కి తీసుకున్నా. పాడే చెప్పినా కదా" అన్నాడు. మా ఆయన నియమం ఒకసారి మనసులో చదువుకున్నట్టు పెదవులు కదిపి, కలం మూత పెట్టేశారు. ఆపైన కొట్టిన చప్పట్లకు పక్క విల్లా వాళ్ళు తలుపు తీసి చూశారు.

ఇంకేం, అంతా సర్దుకుందనుకున్నాను. జమీందారు కూడా అదే అనుకున్నాడు. "అయితే అక్కనే మల్ల సంగీతానికి ఉండాలె. ఖలాస్" అన్నాడు. అందరూ అవునవునన్నారు. మా ఆయన నియమాల పుస్తకం తిరగేసి దగ్గారు.

"వదిలిన పదవికి అదే సమావేశంలో మళ్ళీ నిలబడకూడదు. వచ్చే ఏడాది దాకా ఆగాలి."

ఆ క్షణంలో ఆయన్ని ఏం చెయ్యాలనిపించిందో ఇక్కడ రాయను. హాలంతా గొణుగుడు. నియమం మార్చమన్నవాళ్ళున్నారు, ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు పొమ్మన్నవాళ్ళున్నారు. నిజం చెప్పాలంటే నేనూ ఒక్క నిమిషం ఆశపడ్డాను. కానీ నా ఒక్కదాని కోసం నియమం వంచితే రేపు ఎర్ర తెర గొడవ మళ్ళీ మొదలవుతుంది. ఏ మాట మీద ఈ సంఘం నిలబడిందో ఆ మాట నాది. దాన్ని నేనే తీసేస్తే నాకు మిగిలేదేమిటి?

హార్మోనియం మీద చేతులు అలాగే ఉన్నాయి. వాటితోనే శ్రుతి ఇచ్చుకుని, కొత్త సంగీత దర్శకుడిగా రెండో అల్లుడి పేరు పాడాను. పద్యమేమీ కట్టలేదు, అంత ఓపిక లేదు. పేరు ఒక్కటే, బిలహరిలో. అతను "నేనా? నాకేం వచ్చు మేడమ్?" అని రెండడుగులు వెనక్కి వేశాడు. "వన్స్‌మోర్ రుచి తెలిసింది. ఇక నువ్వు పెట్టె జోలికి పోవు. మిగతాది నేర్చుకుంటావు" అన్నాను. చప్పట్లు పడ్డాయి. నా కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను.

కారులో తిరిగి వస్తున్నాం, మా ఆయన నడుపుతున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "రెండోసారి పాడకుండా ఉండాల్సింది నువ్వు" అన్నారు.

"అడిగింది మొట్టమొదట మీరేనని నాకు తెలీదనుకుంటున్నారా? జమీందారు కంటే ముందే మీ నోరు కదిలింది."

ఆకుపచ్చ లైటు పడింది. ఆయన కారు ముందుకు పోనిస్తూ, "బాగా పాడితే ఏం చెయ్యను మరి" అన్నారు.

కొత్త నాటకం మొదటి రిహార్సల్ ఫరీజ్ బిన్ మహమూద్‌లో, దర్జీ కొట్టు మీద ఉన్న ఒక సభ్యుడి ఫ్లాటులో. కొత్త దర్శకుడు ముందురోజే ఫోన్ చేసి, "మేడమ్, హార్మోనియం మీరే వాయించాలి. ఆరింటికల్లా ఉండాలి. లేట్ చెయ్యొద్దు" అని నాతోనే అన్నాడు. ఇన్నేళ్ళూ నేను వచ్చేదాకా అందరూ ఎదురుచూసేవాళ్ళు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, సరే అన్నాను. ఐదున్నరకే వెళ్ళి కూర్చున్నాను.

నర్సుగా పనిచేసే ఒకమ్మాయి మొదటిసారి పాడుతోంది. సన్నని గొంతు. అలవాటు ప్రకారం నేను గట్టిగా వాయిస్తూ ఆమెను మోసుకుపోతున్నాను. అతను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. అందరం ఆగాం.

"మేడమ్, ఏమనుకోకండి. కొంచెం తగ్గించి వాయించండి. మీరు వాయిస్తుంటే పాడేవాళ్ళ గొంతు వాళ్ళకే వినపడదు. నాకూ అంతే అయ్యేది."

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నా కోపం సంగతి అందరికీ తెలుసు. నా హార్మోనియం మీద నాకు అంత మాట చెప్పినవాడు ఇంతవరకు పుట్టలేదు. నేను అతని ముఖంలోకి చూశాను. భయపడుతున్నాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

తగ్గించాను. ఆ అమ్మాయి గొంతు వినిపించింది.